మూఢం వెళ్లాక పెట్టిన పరుగు పందేలు

పోయిన వారం ఒక కుర్ర ఇంజనీరు మా ఇంటికొచ్చాడు. మన వైపు పెద్ద పెద్ద ఆటల పోటీలు జరిపించాలని ఏదో కమిటీ వేశారట, అందులో ఈయనా ఉన్నాడట. చేతిలో ట్యాబు, దాని తెర మీద స్టేడియం బొమ్మ.

"మేడమ్, మీరు సర్వీసులో ఉండగా ఒక జాతీయ పోటీకి మైదానం ఏర్పాట్లు చూశారంట గదా. అసలు ఒక నగరం ఇట్లాంటివి బాగా జరిపించాలంటే ఏమేం ఉండాలంటారు?" అని అడిగాడు.

బొమ్మ చూశాను. వెడల్పాటి రోడ్లు, పెద్ద హోటలు, కార్లు నిలుపుకునే చోటు, ఆఖరికి గేటు దగ్గర పూలకుండీలు కూడా గీశారు. అందంగానే ఉంది.

"ఏ నెలలో పెడతారు బాబూ?" అన్నాను.

"అది ఇంకా అనుకోలేదు మేడమ్. పెద్దవాళ్లు మంచిరోజులు చూసి చెప్తామన్నారు."

నాకు ఒళ్లు మండింది. కానీ ఇంటికొచ్చిన మనిషి. టీ ఇచ్చి పంపించేశాను. ఆయనకు ఆ పూట చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆయన ఈడు వాళ్లంతా చదవాలని నా కోరిక.

నేను గుంటూరులో మునిసిపల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. మంచినీటి గొట్టాలు, మురుగు కాలవలు, వాటి మీద మూతలు. నా ఉద్యోగమంతా భూమి కిందే గడిచింది. అందుకే, సర్వీసు చివర్లో జూనియర్ బాలికల జాతీయ పరుగు పందేలకు మైదానం బాధ్యత నాకు అప్పగించినప్పుడు ఎంతో సంబరపడ్డాను. నల్లపాడు వైపు కొత్తగా వేసిన ట్రాకు అది. ఇటుక రంగులో మెరుస్తూ, మా ఊరికి ఎవరో కొత్త బట్టలు తొడిగినట్టుండేది. పైనుంచి వచ్చిన బృందం వానాకాలంలో చూసి వెళ్లింది. నీళ్లు నిలవడం లేదు, గాలి చల్లగా ఉంది, అంతా భేషుగ్గా ఉందని మెచ్చుకుంది. పోటీలు డిసెంబరులో పెట్టుకోమంది.

ఆహ్వాన సంఘానికి చైర్మన్ ఒక మిర్చి వ్యాపారి. కోల్డ్ స్టోరేజీల యజమాని. ఆయన గురించి మీరు చెడ్డగా అనుకోకూడదు. వచ్చే జట్లన్నిటికీ భోజనాలు తనే పెట్టించాడు. హోటళ్లు చాలకపోతే పెదకాకాని సత్రాల్లో గదులన్నీ మాట్లాడి, వాటికి సున్నాలు కొట్టించి, దోమతెరలు కట్టించాడు. వెళ్లేటప్పుడు ప్రతి జట్టుకూ బహుమానంగా కారప్పొడి పొట్లాలు కూడా కట్టించి పెట్టాడు. అంత ఉదారుడు పంచాంగం తెరిస్తే మాత్రం ఇంకో మనిషి.

"డిసెంబరు కుదరదు ఇంజనీరమ్మగారూ. మూఢం" అన్నాడు మొదటి సమావేశంలోనే.

"మూఢమైతే ఏమవుతుందండీ?"

"శుక్రుడు కనపడడు. శుభకార్యం మొదలుపెట్టకూడదు."

"శుక్రుడు పరిగెత్తడం లేదు గదండీ. పరిగెత్తేది ఆడపిల్లలు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "రేపు ఏ పిల్లన్నా పడి కాలు విరగ్గొట్టుకుంటే మీరొచ్చి జవాబు చెప్తారా?" అన్నాడు.

నేను ఊరుకునే మనిషిని కాను. మా నాన్న నన్ను చిన్నప్పటినుంచీ సంస్కరణ సభలకు వెంట తీసుకెళ్లేవాడు. వేదిక మీద ఇద్దరు నిలబడి ముహూర్తాల మీద వాదించుకుంటుంటే, మా ఈడు వాళ్లు సినిమా చూసినట్టు చూసేదాన్ని. ఆ చదువంతా ఆ రోజు బయటికి తీశాను. శుక్రగ్రహం ఎక్కడుంటుందో, సూర్యుడి వెలుగులో ఎందుకు కనపడదో బల్ల మీద గ్లాసులు పెట్టి మరీ చూపించాను. వాదనలో ఎవరూ నాకు ఎదురు చెప్పలేకపోయారు. పోటీలు మాత్రం మూఢం వెళ్లాకే పెట్టారు.

ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ గదిలో ఉన్నవాళ్లందరం మిరప పండే ఊళ్లలో పుట్టినవాళ్లమే. ఆ సంవత్సరం మూఢం విడిచేది ఫిబ్రవరి మధ్యలో. అంటే మిరపకోతలు జోరుగా సాగే రోజులు. నల్లపాడు రోడ్డు పొడుగునా లారీలు బారులు తీరే రోజులు. ఊరి చుట్టూ ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, కౌలుకు తీసుకుని కాయ ఆరబోసే రోజులు. శుక్రుడు ఎక్కడుంటాడో చెప్పిన నాకూ, ఎక్కడుండకూడదో చెప్పిన ఆయనకూ, మిరపకాయ ఎక్కడుంటుందో గుర్తు రాలేదు. కళ్లముందున్నది కనపడకపోవడానికి మూఢనమ్మకమే ఉండక్కర్లేదు, అలవాటు చాలు.

పోటీలు శనివారం మొదలయ్యాయి. కొబ్బరికాయ కొట్టారు, గుమ్మడికాయ కొట్టారు. గుమ్మడికాయ ముక్కలు ట్రాకు మీద పడితే మా వాళ్లతో కడిగించాను. మధ్యాహ్నానికి బయటి జట్ల పిల్లలు దగ్గడం మొదలుపెట్టారు.

ప్రథమ చికిత్స పందిట్లో ఉన్న మన ఊరి డాక్టరు, "సీజన్ మారుతోంది గదండీ, వస్తాయి" అని సిరప్పు పోశాడు. వంటవాళ్లు, "మన కారం పడలేదేమో మేడమ్, రేపటినుంచి పప్పులో తగ్గిస్తాం" అన్నారు. చైర్మన్ గారు ఆకాశం వైపు చూశాడు. కొండ ప్రాంతం నుంచి వచ్చిన ఒక జట్టు కోచ్, నా వయసు ఆవిడే, నా దగ్గరికొచ్చి హిందీలో ఒకే మాట అంది. మీ గాలిలో ఏదో ఉందని. నాకు కోపం వచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చి చూపించాను. ఏమీ లేదు. మామూలు గుంటూరు గాలి.

ఆదివారం పొద్దెక్కాక, నాలుగు వందల మీటర్ల పరుగులో ఒక అమ్మాయి మలుపులో తూలి పడింది. కాలు విరగలేదు గానీ మోకాళ్లు కొట్టుకుపోయాయి. లేవనెత్తితే కళ్లు తెరవలేకపోతోంది. ఆ వెనకే ఇంకో ఇద్దరు ఆగిపోయి వంగి దగ్గుతున్నారు.

"నేను చెప్పలా?" అన్నాడు చైర్మన్ గారు నా పక్కకొచ్చి, చాలా మెల్లగా. "ఊరి కళ్లన్నీ ఈ గ్రౌండు మీదే ఉన్నాయి ఇంజనీరమ్మగారూ. దిష్టి మామూలుగా లేదు."

దిష్టి అనే మాటలో ఒక సుఖం ఉంది. అది అనేశాక ఇక వెతకక్కర్లేదు. నేను ఆ సుఖానికి అలవాటు పడలేదు. పందిట్లో దగ్గుతున్న పిల్లల్ని ఒక్కొక్కరినీ, ఎక్కడ మొదలైందమ్మా అని అడిగాను. అందరూ ఒకే చోటు చూపించారు. పడమటి మలుపు. తూర్పు మలుపులో ఒక్కరికీ ఏమీ కాలేదు. మైదానమంతటి మీదా పడిన దిష్టి ఒక్క మలుపులోనే ఎందుకు కూర్చుంటుంది? సుద్దపొడి గుప్పెడు తీసుకుని ఎగరేశాను. పడమటి గాలి. పొడి నేరుగా ట్రాకు మీదికి వెళ్లింది.

కోచ్ ఆవిణ్ణి వెంటబెట్టుకుని అటు నడిచాను. నా ముక్కు మీద నాకు నమ్మకం పోయింది, ఆవిడ ముక్కును నమ్ముకున్నాను. తడి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూడా ఆవిడ కళ్లనుంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి. మలుపు వెనక ప్రహరీ గోడ ఒకచోట కూలి నడుం ఎత్తున ఉంది. దాని అవతల చూస్తే ఎర్రగా, కళ్లు చెదిరేలా, కల్లం. వారం కిందట నేను చూసినప్పుడు అది వట్టి బీడు. ఇప్పుడు గోడ కింద నుంచి అవతలి రోడ్డు దాకా మిరపకాయలు. పదిమంది దాకా ఆడవాళ్లు కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

"ఏమ్మా, ఇక్కడ ఘాటుగా లేదూ?" అని అడిగాను.

"ఘాటా? ఏం ఘాటు మేడం? ఇప్పుడే ఈడ కూర్చొని అన్నం కూడా తింటిమి" అంది ఒకామె. కోచ్ ఆవిడ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయమ్మ ఇంట్లో ఎవురన్నా పోయారా మేడం? అట్టా ఏడస్తా ఉంది?"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వే స్థితిలో లేను.

కౌలుకు తీసుకున్న రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. నా మెడలో గుర్తింపు కార్డు చూడగానే ఆయన మొహం మారిపోయింది. "మునిసిపాలిటీ వాళ్లా మేడమ్? ఖాళీ చేయమంటారా? ఎక్కడికెత్తమంటారు చెప్పండి. కాయ ఇంకా ఆరలా. తడి కాయ గోతాల్లో తొక్కితే బూజు పట్టుద్ది, ఏడాది కష్టం మట్టిలో కలిసిపోయిద్ది."

ఆయన భయం నిజమైనదే. ట్రాక్టర్లు తెప్పించి సాయంత్రానికల్లా ఆ స్థలం ఊడ్పించే అధికారం నాకుంది. అతిథులు వస్తున్నారంటే పూరిళ్లకు అడ్డంగా తెరలు కట్టే నగరాల గురించి మీరూ విని ఉంటారు. తోపుడు బళ్లను ఊరవతలికి తోలి, అడుక్కునేవాళ్లను లారీలెక్కించి, ఆ తర్వాత ఎంత బాగా జరిపామో అని చెప్పుకుంటారు. సొంత మనుషుల్ని తరిమి పరాయివాళ్లకు కుర్చీ వేయడాన్ని నేను ఆతిథ్యం అనను.

"రేపటి దాకా ఆలోచిద్దాం" అని వెనక్కి వచ్చాను.

ఆలోచించడానికి రేపటి దాకా వ్యవధి లేదని పందిట్లోకి రాగానే తెలిసింది. పోటీల పర్యవేక్షకుడు, ఢిల్లీ నుంచి వచ్చిన మనిషి, తేల్చి చెప్పేశాడు. సోమవారం ఫైనల్స్. గాలి ఇలాగే ఉంటే ఒక్క పరుగు కూడా పెట్టడు. పోటీలు రద్దు. రద్దయితే ఫలితాలు లేవు, జాతీయ శిబిరానికి ఎంపికా లేదు. ఆయన మాటలో తప్పులేదు. పిల్లల ఊపిరితిత్తులకు ఆయన బాధ్యుడు.

ఆ మాట మైదానమంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను నీళ్ల ట్యాంకరు దగ్గర నిలబడి ఉంటే ఒక పిల్ల వచ్చింది. మన జట్టులో పదిహేను వందల మీటర్లు పరిగెత్తే అమ్మాయి. కనిగిరి వైపు పిల్ల. వాళ్ల అమ్మానాన్నా ఏటా మిరపకోతలకు మన గుంటూరు జిల్లాకే వస్తారని అంతకుముందు రోజు మాటల్లో చెప్పింది. ఈ జాతీయ పోటీల్లో ఆ ఏడాదితో ఆమెకు వయసు దాటిపోతుంది. ఫైనల్లో మొదటి ఇద్దరూ శిబిరానికి వెళతారు.

"రద్దు చేయబాకండి మేడం" అంది.

"నా చేతుల్లో లేదమ్మా."

"మీ చేతుల్లోనే ఉందంట గదా, గ్రౌండు మొత్తం మీదేనంట గదా." నాకు అడ్డంగా వచ్చి నిలబడింది. "ఇంటికాడ ఇంక నన్ను పరిగెత్తనీరు మేడం. ఈ ఒక్కసారికే ఒప్పుకుంటిరి."

ఆ పిల్ల శుభ్రంగా ఊపిరి తీసుకుంటోంది. పుట్టినప్పటినుంచీ ఏటా కోతల్లో ఆ గాలి పీల్చిన మనిషి. ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. కానీ పక్కవాళ్లకు ఊపిరాడకపోతే ఆమెకూ పందెం లేదు.

మిరప గురించి నాకు తెలిసింది అప్పుడు నెమరేసుకున్నాను. మాదీ మిరప ఇల్లే. కాయ మీద మంచు పడకుండా సాయంత్రం టార్పాలిన్ పట్టాలు కప్పుతారు. పొద్దున మంచు విడవగానే తీస్తారు. ఘాటు లేచేది పట్టా తీసి కాయ తిరగేసినప్పుడు. గాలి లేచేదీ ఇంచుమించు అప్పుడే. అంటే తెల్లవారాక పట్టాలు ఇంకా కప్పి ఉండే కాసేపు మన మైదానం మామూలు మైదానమే. ఫైనల్స్ ఆ కాసేపట్లో అయిపోవాలి.

మళ్లీ గోడ దగ్గరికి వెళ్లాను. రైతు తల గోక్కున్నాడు. "పట్టా కింద ఉక్కకి కాయ రంగు పోయిద్దేమో మేడమ్."

"ఎండ ఈ గోడ దాటి మీ కల్లం మీద పడేదాకా చాలు. అప్పటిదాకా పట్టా లేపకండి. ఎవరూ మిమ్మల్ని ఖాళీ చేయమనరు. పూచీ నాది."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. ఇందాకటి ఆడమనిషే అందుకుంది. "ఆ పరిగెత్తే పిల్లల్లో మా కనిగిరోళ్ల పిల్ల ఉందంట గదా మేడం?"

"ఉందమ్మా."

"అయితే ఏందయ్యా నీ గొడవ! ఒక్క పూట కప్పి ఉంచితే కాయేం కరిగిపోదులే" అని రైతునే గదిమింది.

పందిట్లో అసలు యుద్ధం జరిగింది. పెదకాకాని సత్రాల నుంచి జట్లన్నీ బస్సుల్లో వచ్చి, ఒళ్లు వేడి చేసుకుని సిద్ధమయ్యేసరికి ఏడున్నర అవుతుంది. అంతకంటే ముందు వల్లకాదని పర్యవేక్షకుడు అన్నాడు.

చైర్మన్ గారు ఉలిక్కిపడ్డాడు. "రేపు సోమవారమండీ! ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. అందులో ఫైనల్సా?"

"అవునండీ. అందులోనే."

"పదింటికి పెట్టండి. దివ్యమైన టైము."

"పదింటికి గాలి లేస్తుంది, పట్టాలు లేస్తాయి, పిల్లలు పడతారు. మీ దివ్యమైన టైములో ఇవాళ ఒక పిల్ల పడింది, చూశారుగా. మూఢం వెళ్లిపోయాక, శుక్రుడు చక్కగా కనపడుతుండగా పడింది."

ఆయన మొహం ఎర్రబడింది. నేను ఆగలేదు. రాహువు గుంటూరు వాళ్లకేనా, ఆ కొండల్లోంచి వచ్చిన పిల్లలకు కూడానా అని అడిగాను. పర్యవేక్షకుడు మా తెలుగు అర్థం కాక గడియారం వంక చూస్తున్నాడు. చివరికి ఆయనే, పొద్దున పెడతారా, పెట్టెలు సర్దుకోమంటారా అన్నాడు. చైర్మన్ గారు లేచి కండువా దులుపుకున్నాడు.

"మీ ఇష్టం. నా జాగ్రత్త నేను చూసుకుంటా" అని వెళ్లిపోయాడు.

ఆ ఆఖరి మాట నేను పట్టించుకోలేదు. గెలిచానన్న ఊపులో ఉన్నాను.

సోమవారం పొద్దున గాలి కదలడం లేదు. జెండాలు గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి. గోడ అవతల పట్టాలన్నీ కప్పి ఉన్నాయి, నీలంగా. ఆడవాళ్లు పని లేక గోడ దగ్గర నిలబడి మా వైపు చూస్తున్నారు. కోచ్ ఆవిడ తువ్వాలు తీసేసి లోపలికి దీర్ఘంగా గాలి పీల్చి, నన్ను చూసి తలాడించింది. రెండు ఫైనల్స్ సజావుగా జరిగిపోయాయి. ఒక్కరూ దగ్గలేదు. మూడోది పదిహేను వందల మీటర్లు. పిల్లలు గీత దగ్గరికి వస్తున్నారు. ఎండ ఇంకా గోడకు ఇవతలే ఉంది. నేను గోడను చూస్తున్నాను, జెండాను చూస్తున్నాను, మళ్లీ గోడను.

ఉన్నట్టుండి కోచ్ ఆవిడ కేక పెట్టింది.

పడమటి మలుపులో పొగ. సన్నగా, తెల్లగా. నా ముక్కుకు అప్పటికీ ఏమీ అందలేదు. పరిగెత్తాను. ఆ వయసులో నేను పరిగెత్తగలనని నాకే తెలియదు. ట్రాకు పక్కన చైర్మన్ గారు, ఆయన గుమాస్తా. గుమాస్తా చేతిలో గరిట, ముందు ఇనప మూకుడులో కణకణలాడే బొగ్గులు. పక్కన బస్తా. కల్లుప్పు కలిపిన మిరపకాయలు. రాహుకాలంలో పందెం పెట్టినందుకు పరిహారంగా మైదానానికి దిష్టి తీస్తున్నారు. మామూలు కాయ కూడా కాదు, ఎగుమతికి ఉంచిన మేలు రకం. దేవుడి పనికి తాలుకాయ వాడే మనిషి కాదాయన.

"ఏం చేస్తున్నారండీ!" అని అరిచాను.

"మీరే చూడండి మేడమ్" అన్నాడు గుమాస్తా. భయం, భక్తి కలిసి కళ్లు ఇంత చేసుకున్నాడు. "మూడు దోసిళ్లు పోశానండి. వీసమెత్తు ఘాటు రావట్లా! అంత దిష్టి ఉంది!"

"ఇంకో రెండు దోసిళ్లు వెయ్యరా" అన్నాడు చైర్మన్ గారు.

మీలో తెలియనివాళ్లకు చెబుతున్నాను. నిప్పుల్లో వేసిన మిరపకాయ ఘాటు రాకపోతే దిష్టి బలంగా తగిలినట్టు లెక్క. ఘాటు వచ్చేదాకా వేస్తూనే ఉండాలి. వాళ్లిద్దరూ గాలికి వీపు పెట్టి నిలబడ్డారు. అప్పుడే కదలడం మొదలుపెట్టిన ఆ చిన్న గాలి, ఘాటునంతా వాళ్ల ముక్కుల దగ్గర్నుంచి ఎత్తుకుపోయి గీత దగ్గరున్న పిల్లల మీద కుమ్మరిస్తోంది. ఘాటు తమకు రాలేదు కనక ఇంకా వేస్తున్నారు. వేసినకొద్దీ అక్కడ పిల్లలు దగ్గుతున్నారు. వాళ్లు దగ్గడం చూసి దిష్టి ఎంత ముదిరిందో అని వీళ్లు ఇంకా భయపడుతున్నారు. మూఢనమ్మకం ఎలా బతుకుతుందో నేను ఎన్నో ఉపన్యాసాల్లో విన్నాను. అంత శుభ్రంగా, ఒక మూకుడులో పెట్టి ఎవరూ చూపించలేదు.

వాదించే వ్యవధి లేదు. ట్రాకు తడపడానికి ట్యాంకరు అక్కడే ఉంది. దాని డ్రైవరు నాతో ఎన్నో ఏళ్లు పనిచేసినవాడు, నేను నోరు తెరవకముందే గొట్టం లాక్కొచ్చాడు.

"ఆర్పనా మేడమ్?"

"మూకుడు మీద మూత ముందు, నీళ్లు తర్వాత! లేకపోతే ఆవిరి లేస్తుంది!"

"మీరు ఘోరం చేస్తున్నారు!" అని చైర్మన్ గారు అడ్డం వచ్చాడు. "సగంలో ఆపితే తీసినవాడికి తగులుద్ది!"

"తగిలితే నాకు తగలనివ్వండి. ఇటు రండి." ఆయన చెయ్యి పట్టుకుని మూకుడుకు అవతలి పక్కకు లాగాను, గాలికి ఎదురుగా. పెద్దమనిషి చెయ్యి అలా పట్టుకోవడం మర్యాద కాదు. కానీ అంతకంటే మంచి ఉపన్యాసం నా దగ్గర లేదు. ఒక్క ఊపిరి తీసుకున్నాడు. కండువా నోట్లో కుక్కుకుని వంగిపోయాడు. కళ్లనుంచి నీళ్లు, గొంతులోంచి మాట లేదు. ఈలోగా డ్రైవరు మూకుడు మీద రేకు మూత బోర్లించి గోతం తడిపి కప్పేశాడు.

గీత దగ్గరికి తిరిగొచ్చేసరికి పిల్లల్లో సగం మంది మోకాళ్ల మీద చేతులానించి దగ్గుతున్నారు. కొండ ప్రాంతపు అమ్మాయి కళ్ల మీద నీళ్లు చల్లుకుంటోంది. ఎండ గోడ మీదికి పాకింది. జెండా కొస ఒకసారి ఎగిరి పడింది. పర్యవేక్షకుడు నన్ను పక్కకు పిలిచాడు. ఇప్పుడే మొదలుపెడితే పెడతా, ఆలస్యమైతే గాలి పూర్తిగా లేస్తుంది, ఆపేస్తా అన్నాడు. ఎవరికైనా అభ్యంతరమా అని గీత మీదున్న పిల్లల్ని హిందీలో అడిగాడు. దగ్గుతున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకూ ఇదే ఆఖరి అవకాశం, ఎవరూ చెయ్యెత్తలేదు.

నాకు మాత్రం ఏముంది, మొదలైపోతే చాలనిపించింది. మన పిల్ల నిశ్చయంగా గెలుస్తుంది కూడా.

ఆ పిల్లే చెయ్యెత్తింది.

"ఏమైందే?" అన్నాను దగ్గరికెళ్లి.

"కాసేపు ఆగమనండి మేడం."

"ఆగితే రద్దయిపోతుందే పిచ్చిదానా!"

"ఎట్టా పరిగెత్తేది మేడం? ఆ పిల్లకి కళ్లే కనపడట్లా." విసుగ్గా అంది, నేనేదో తెలివితక్కువగా మాట్లాడినట్టు. "దగ్గే వాళ్లని గెలిచొచ్చి మా ఊళ్లో ఏమని చెప్పుకోమంటారు? మన గాలే గదా వాళ్లని అట్టా చేసింది."

పర్యవేక్షకుడు నన్ను అడిగాడు, ఏమంటోందని. చెప్పాను. ఆయన ఆ పిల్లను చూశాడు. గడియారం జేబులో పెట్టేసుకున్నాడు.

మేము గాలితో పందెం వేసుకుని నిలబడ్డాం. పిల్లలు నీళ్లు పుక్కిలిస్తున్నారు, కళ్లు కడుక్కుంటున్నారు. జెండా ఇంకోసారి ఎగిరింది. గోడ అవతల పట్టా ఒక మూల పటపటా కొట్టుకుంది. ఆ మూల లేచిందంటే ఇక అన్నీ లేస్తాయి. అటు చూస్తే ఆ ఆడవాళ్లు వెళ్లి పట్టా అంచుల మీద వరసగా కూర్చున్నారు. ఒక్కో మూలా ఇద్దరేసి, కాళ్లు చాపుకుని, పేరంటానికి వచ్చినట్టు. ఎండ వాళ్ల కల్లం మీద పడింది. అయినా లేవలేదు. రైతు నడుం మీద చేతులు పెట్టుకుని వాళ్లనీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, తనూ ఒక మూలన కూలబడ్డాడు.

తుపాకి పేలింది.

మన పిల్ల మొదటినుంచీ ముందే ఉంది. ఆఖరి చుట్టు గంట కొట్టాక కూడా ముందే ఉంది. పడమటి మలుపులో గోడ అవతల నుంచి "పరిగెత్తవే! పరిగెత్తవే తల్లీ!" అని కేకలు. ఆ మలుపు దాటాక కొండ ప్రాంతపు అమ్మాయి దాటేసింది. గీత ఇంకా కొద్ది దూరం ఉందనగా వెనకనుంచి ఇంకో అమ్మాయి వచ్చేసింది. మన పిల్ల మూడోది.

శిబిరానికి ఇద్దరే.

ఆ తర్వాత ఏమైందో మీరు ఊహించగలరు. బహుమతుల సభలో చైర్మన్ గారు మైకు పట్టుకుని, రాహుకాలంలో పెట్టినా సకాలంలో దిష్టి తీయించబట్టే పోటీలు నిర్విఘ్నంగా ముగిశాయని చెప్పాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. చప్పట్లు మారుమోగాయి. మర్నాడు పేపర్లో కూడా ఆ ముక్కే వేశారు. పట్టాల మీద కూర్చున్న ఆడవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. పర్యవేక్షకుడు వెళుతూ నాతో చెయ్యి కలిపి, మీ మనుషులు మంచివాళ్లు, మళ్లీ ఈ నెలలో మాత్రం పిలవకండి అన్నాడు. కోచ్ ఆవిడ కారప్పొడి పొట్లం మర్యాదగా తీసుకుని, రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని బస్సెక్కింది.

నేను ట్యాంకరు దగ్గర ఆ పిల్లను వెతుక్కున్నాను. బూట్లు విప్పి నీళ్ల గొట్టం కింద కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

"ఆగకుండా ఉంటే గెలిచేదానివే" అన్నాను.

"గెలిచేదాన్నే" అంది. గొట్టం కట్టేసి బూట్లు చేతిలోకి తీసుకుంది. "నాకెటూ వయసైపోయింది. మా చెల్లి ఉంది మేడం. అది నాకంటే బాగా పరిగెత్తుద్ది. దాని వంతు వచ్చిన ఏడాదన్నా పోటీలు మూఢంలో పెట్టించండి."